కుప్రోనికెల్ ట్యూబులు వేయించాలా? ముందు పాత ట్యూబులు చీల్చి చూడండి

ప్రశ్న: నేను ఒక ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. మా దగ్గర సముద్రపు నీటితో చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఒకటి ఉంది. అందులోవి అల్యూమినియం బ్రాస్ ట్యూబులు. కొంతకాలంగా ఒకదాని తర్వాత ఒకటి లీకవుతున్నాయి. లీకైనదానికల్లా ప్లగ్ కొట్టుకుంటూ వస్తున్నాం. ఇప్పటికి నూటికి పదిహేను దాకా మూతపడ్డాయి. ఇక మొత్తం కొత్త ట్యూబులు వేయించక తప్పదు. సప్లయర్ 90-10 కుప్రోనికెల్ (రాగి-నికెల్ మిశ్రలోహం) తీసుకోమంటున్నాడు, దాన్ని సముద్రపు నీరు ఏమీ చేయలేదని గట్టిగా చెబుతున్నాడు. మా మేనేజర్ గారేమో 316 స్టెయిన్‌లెస్ స్టీల్ ఎందుకు వద్దంటారు. ఇంకొకాయన నికెల్ ఎక్కువుండే 70-30 కుప్రోనికెల్ అయితే ఇంకా మేలు కదా అంటారు. కాగితం మీద సంతకం నాది, అందుకే టెన్షన్‌గా ఉంది. ఏది వేయించమంటారు? వేయించాక ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: మీకు కావాల్సిన మాట ముందే చెప్పేస్తాను. మీరు వాడేది మురుగు కలవని సముద్రపు నీరైతే 90-10 వేయించండి. 316 వద్దు. 70-30 మీ పనికి అవసరం పడేలా లేదు.

అయితే సప్లయర్ ఇచ్చిన హామీని మాత్రం పక్కన పెట్టండి. ఈ లోహాన్ని కూడా సముద్రపు నీరు తింటుంది. కాస్త తిన్నాకే లోహం ఒంటి మీద ఒక పొర కడుతుంది, ఆ పొర చాటున మిగతా లోహం బతుకుతుంది. పొరను సరిగ్గా కట్టనిస్తే ట్యూబు ఇరవై ఏళ్ళు కూడా నిలబడుతుంది. కట్టనివ్వకపోతే మొదటి ఏడాదిలోనే చిల్లులు పడవచ్చు. రెండూ ఒకే మిల్లు నుంచి, ఒకే సర్టిఫికెట్‌తో వచ్చిన ట్యూబులకే జరుగుతాయి.

కాబట్టి ఆర్డరు పెట్టే ముందు ఒక పని చేయండి. ప్లగ్ కొట్టిన ట్యూబుల్లోంచి రెండు మూడు, బాగున్నవాటిలోంచి ఒకటి బయటికి లాగించండి. ఏ కొన నీరు లోపలికి వచ్చే వైపుదో మార్కు పెట్టడం మరిచిపోవద్దు. తర్వాత నిలువుగా చీల్పించండి. వెంటనే కడగకండి. ఉన్నది ఉన్నట్టు చూసి ఫోటోలు తీసుకుని, ఆ తర్వాత మంచినీళ్ళు, మెత్తటి బ్రష్‌తో కడిగి మళ్ళీ చూడండి. ఏ ట్యూబు ఎలా పోయిందో దాని కడుపు చూస్తేనే తెలుస్తుంది. అది తెలియకుండా లోహం మార్చడమంటే జబ్బేదో తెలియకుండా మందు మార్చడమే.

చూడాల్సింది ఇది. గుంటలు గుర్రపు లాడం ఆకారంలో ఉండి, గుర్రం నీటికి ఎదురు నడిచి వెళితే పడే గిట్టల గుర్తుల్లా వరసగా కనిపిస్తే, అది నీటి వేగం చేసిన పని. అలాంటి గుంట అడుగు నునుపుగా, మెరుస్తూ ఉంటుంది, పొర ఛాయ ఉండదు. అంచు ఒక పక్క లోపలికి తొలుచుకుని పోయి ఉంటుంది, వేలు పెడితే తగులుతుంది. ఈ గుర్తులు నీరు ప్రవేశించే కొన నుంచి పది పదిహేను సెంటీమీటర్ల లోపే ఉంటే, వాటర్ బాక్స్‌లోంచి (ట్యూబుల కొనల ముందు నీరు చేరే పెట్టె) ట్యూబులోకి దూరేటప్పుడు పుట్టే సుడులు కారణం. ట్యూబు మధ్యలో ఒకే ఒక్క చోట ఉంటే అక్కడ గవ్వముక్కో, చెక్కపేడో ఇరుక్కుని, దాని పక్క సందులోంచి నీరు దూసుకుపోయి ఉంటుంది. అటువంటిదానికి కావాల్సింది వేరే లోహం కాదు, మంచి స్ట్రెయినర్, అంటే నీటిని వడగట్టే జల్లెడ. ఇక ట్యూబు పొడవునా ఉంటే మొత్తం మీద వేగమే ఎక్కువైందన్నమాట.

లోపలి గోడ నల్లగా ఉండి, గోటితో గీకితే ఆ నలుపు మసిలా రాలిపోతే మురుగు నీటిలో ఉండే గంధకపు సమ్మేళనం, సల్ఫైడ్‌ను అనుమానించండి. వాటర్ బాక్స్ మూత తీసినప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చేదేమో మీ ఫిట్టర్లను అడగండి, వాళ్ళకి గుర్తుంటుంది. గుంటలు కింది సగంలోనే, బురద పేరుకున్న చోటే ఉంటే వేగం తక్కువై మట్టి నిలిచిపోయిందని అర్థం. ఇవేవీ కాకుండా పసుపు గోడ మీద ఎర్రటి మచ్చలు కనిపించి, సూదితో పొడిస్తే మెత్తగా దిగితే, ఇత్తడిలోంచి జింకు కరిగిపోయి బోలు రాగి మిగిలిందన్నమాట. అల్యూమినియం బ్రాస్‌లో దాదాపు 76 శాతం రాగి, 22 శాతం జింకు, 2 శాతం అల్యూమినియం ఉంటాయి. జింకు ఇలా జారిపోకుండా ఆపడానికే అందులో రవ్వంత ఆర్సెనిక్ కలుపుతారు. అది కలిపాక కూడా ఎర్రమచ్చలు కనిపిస్తే మీకు వచ్చిన ట్యూబులు నిజంగా అడిగినవేనా అని చూడాల్సి ఉంటుంది.

ఈ పరీక్ష మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మీ ట్యూబులు వేగం వల్ల పోయి ఉంటే, 90-10 వేయించినంత మాత్రాన సమస్య తీరదు. ట్యూబుల్లో అల్యూమినియం బ్రాస్ ఓర్చుకునే వేగానికీ, 90-10 ఓర్చుకునే వేగానికీ పెద్ద తేడా లేదు. రెండూ సెకనుకు రెండు, రెండున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతాయి.

ఇక్కడ ప్లగ్గుల సంగతి కూడా చెప్పాలి. పంపు పంపే నీరు దాదాపు అంతే ఉంటుంది, దారులు మాత్రం తగ్గుతాయి. పదిహేను శాతం ట్యూబులు మూసేస్తే మిగిలిన వాటిలో వేగం పదిహేను శాతానికి మించి పెరగవచ్చు. ఎదురొత్తిడి వల్ల పంపు కాస్త తక్కువ తోస్తుంది కాబట్టి లెక్క అచ్చంగా అంతే ఉండదు గానీ, దిశ మాత్రం అదే. ముందు నెమ్మదిగా పోయిన ట్యూబులు చివర్లో వరసపెట్టి పోవడం వెనక తరచూ ఈ లెక్కే ఉంటుంది. మీకూ అలాగే జరిగిందేమో లాగ్‌బుక్‌లో తేదీలు చూడండి.

మీ వేగం ఎంతో మీరే కట్టుకోవచ్చు. ఉదాహరణకి బయటి వ్యాసం 19 మి.మీ., గోడ మందం 1.2 మి.మీ. ఉన్న ట్యూబు తీసుకుందాం. లోపలి వ్యాసం 16.6 మి.మీ. సెకనుకు 2 మీటర్ల వేగంతో అందులోంచి గంటకు సుమారు 1.56 ఘనపు మీటర్ల నీరు పోతుంది. ఒక పాస్‌లో, అంటే నీరు ఒకేసారి పక్కపక్కన దూరే ట్యూబులు నూరుంటే, గంటకు 156 ఘనపు మీటర్లు. మీ పంపు అంతకంటే బాగా ఎక్కువ తోస్తోందంటే దొంగ దొరికినట్టే. ఎక్కువ వేగం ఎంత చెరుపో మరీ తక్కువ వేగమూ అంత చెరుపే. సెకనుకు మీటరు కంటే కిందికి పోతే బురద పేరుకుంటుంది. అందుకని చలికాలంలో నీరు చల్లగా ఉంది కదా అని వాల్వ్ బాగా బిగించేసి నడిపే అలవాటు ఉంటే మానేయండి. అవుట్‌లెట్ నీటిని కొంత మళ్ళీ ఇన్‌లెట్‌కు కలిపే ఏర్పాటు ఉంటే అది మంచి పద్ధతి.

ఇక లోహం విషయానికి వద్దాం. రాగి, నికెల్ రెండూ ఏ పాళ్ళలో కలిపినా ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోతాయి. విడివిడి ముద్దలుగా మిగలవు. దీనివల్ల ఈ మిశ్రలోహం మెత్తగా వంగుతుంది, బాగా వెల్డవుతుంది, చలికి పెళుసెక్కదు. వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం మాత్రం కుదరదు. చల్లగా సాగదీసి, నొక్కి గట్టిపరచాల్సిందే. ఎనీల్ చేసిన (కొలిమిలో కాల్చి మెత్తబరిచిన) 90-10 ట్యూబు సుమారు 100 మెగాపాస్కల్ దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. అంటే అది బలం కోసం కొనే సరుకు కాదు. సాంద్రత 8.9, రాగి లాగే బరువు.

90-10 అంటే పేరుకి తొంభై పాళ్ళు రాగి, పది పాళ్ళు నికెల్. అసలు కీలకం మాత్రం పేరులో లేని మూడో దినుసు, ఇనుము. ఒకటి నుంచి రెండు శాతం లోపే ఉంటుంది. ఇనుము లేని ఉత్త రాగి-నికెల్ మిశ్రమం కదిలే సముద్రపు నీటి ముందు అంతగా నిలవదు. కొద్దిగా ఇనుము, దానితో పాటు కాస్త మాంగనీస్ కలిపాక నీటి తాకిడిని ఓర్చుకునే శక్తి బాగా పెరుగుతుంది. ఆ ఇనుము లోహంలో కరిగి ఉండాలి, విడిగా రేణువులుగా తేలితే లాభం తగ్గుతుంది. సర్టిఫికెట్‌లో మీరు ముందు చూడాల్సిన గడి ఇదే. అమెరికన్ స్పెసిఫికేషన్‌లో సీ70600 (90-10కి అక్కడి నంబరు) రకానికి ఇనుము 1.0 నుంచి 1.8 శాతం వరకూ ఉండొచ్చు. 1.5కి తగ్గకుండా ఇమ్మని ఆర్డరులోనే రాయండి. మంచి మిల్లులకు ఇదేమీ వింత కోరిక కాదు.

పొర ఎలా కడుతుందో కొంచెం చెబితే తర్వాత జాగ్రత్తలు తేలిగ్గా అర్థమవుతాయి. శుభ్రమైన, గాలి కలిసిన సముద్రపు నీరు తగలగానే మొదటి రోజుల్లోనే పలచటి రాగి ఆక్సైడ్ పొర మొదలవుతుంది. అందులోకి లోహంలోని నికెల్, ఇనుము కూడా చేరతాయి. దాని మీద ఆకుపచ్చటి, గోధుమరంగు రాగి లవణాల పొర ఇంకోటి కడుతుంది. రాగి పాత్రల మీద చిలుము లాంటిదే అనుకోండి. ఇది పూర్తిగా పండడానికి చల్లటి నీటిలో రెండు మూడు నెలలు పడుతుంది, వెచ్చటి నీటిలో త్వరగా అవుతుంది. పండాక లోహం అరిగే రేటు ఏటేటా తగ్గుతూ, ఏడాదికి కొద్ది మైక్రాన్లకు దిగిపోతుంది. మిల్లీమీటరు మందం గోడకు అదొక లెక్కలోది కాదు. సగంలో ఉన్న పొర మాత్రం చాలా సున్నితం. ఆ రెండు మూడు నెలల్లో మురికినీరు తగిలితే ఆక్సైడ్ బదులు సల్ఫైడ్ పొర కడుతుంది. అది గోడను సరిగ్గా పట్టుకోదు, పెచ్చులుగా ఊడుతుంది, ఊడిన చోట లోహం దెబ్బ తింటుంది. ఆ తర్వాత శుభ్రమైన నీరు, అందులోని ఆక్సిజన్ తగిలితే దాడి ఇంకా ముదురుతుంది. చాలామంది నీరు బాగుపడ్డాక ఇక భయం లేదనుకునే సమయం సరిగ్గా అదే.

మీ మేనేజర్ గారి ప్రశ్నకు జవాబు. 316 చూడ్డానికి తెల్లగా మెరుస్తూ బలంగా ఉంటుంది, ఆయన అడగడంలో తప్పు లేదు. దాని పొర క్రోమియం ఆక్సైడ్, చాలా పలచన. క్లోరైడ్ ఎక్కువున్న వెచ్చటి నీటిలో, బురద కింద, గాస్కెట్ సందుల్లో, ట్యూబును ట్యూబ్ షీట్‌లో బిగించిన చోట ఆక్సిజన్ అందక ఆ పొర తెగుతుంది. తెగిన చోట సూదిమొనంత గుంట పడి, గోడ అవతలికి చాలా త్వరగా పోతుంది. మిగతా ట్యూబంతా కొత్తదానిలా మెరుస్తూనే ఉంటుంది. సముద్రపు నీటికి స్టెయిన్‌లెసే కావాలంటే సూపర్ డ్యూప్లెక్స్, లేదా ఆరు శాతం మాలిబ్డినమ్ ఉన్న రకాల దాకా పోవాలి, 316 కాదు. పైగా స్టెయిన్‌లెస్ మీద సముద్రపు జీవాలు ఇష్టంగా ఇల్లు కట్టుకుంటాయి. 90-10 మీద పలచటి జిగురు పడుతుంది గానీ నత్తలు, గవ్వలు పెద్దగా అతుక్కోలేవు. అతుక్కున్నా గట్టి ప్రవాహానికి రాలిపోతాయి.

వేడి దాటే సంగతి కూడా ఆయనకు చూపించండి, అంకెలుంటే వాదన తొందరగా ముగుస్తుంది. ఉష్ణ వాహకత మీటరు-కెల్విన్‌కు వాట్లలో చెబితే అల్యూమినియం బ్రాస్‌కు సుమారు 100, 90-10కి 40 నుంచి 50, 70-30కి 29, 316కి 15 దరిదాపుల్లో ఉంటుంది. ఇత్తడి కంటే 90-10 సగానికి సగం తక్కువ కదా, మా ఎక్స్‌ఛేంజర్ చల్లార్చడం మానేస్తుందేమో అని కంగారు పడకండి. వేడికి అడ్డం ట్యూబు గోడ ఒక్కటే కాదు, అటూ ఇటూ నీటి పొరలు, పేరుకున్న మురికి అసలైన అడ్డాలు. మొత్తం ఉష్ణ బదిలీ గుణకం చదరపు మీటరు-కెల్విన్‌కు 2500 వాట్లు ఉన్న ఎక్స్‌ఛేంజర్‌లో మిల్లీమీటరు ఇత్తడి గోడ తీసి అదే మందం 90-10 వేస్తే సామర్థ్యంలో సుమారు మూడు శాతం పోతుంది. అదే 316 వేస్తే పన్నెండు, పదమూడు శాతం. 316ను కాస్త పలచన గోడతో వాడి ఇది కొంత తగ్గిస్తారనుకోండి, అయినా తేడా తేడాయే. ఆ మూడు శాతాన్ని ట్యూబులు శుభ్రంగా ఉంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

70-30 గురించి ఎక్కువ చెప్పేది లేదు. అది బలమైనది, కాస్త ఎక్కువ వేగం ఓర్చుకుంటుంది, వేడి మరింత తక్కువ దాటిస్తుంది. నికెల్ మూడింతలు కాబట్టి ఖరీదు. జలాంతర్గాముల్లాంటి ఎక్కువ పీడనం ఉన్నచోట దాన్ని వాడటంలో అర్థం ఉంది. ఇసుక తెచ్చే నీరైతే 30 శాతం నికెల్‌తో పాటు రెండేసి శాతం ఇనుము, మాంగనీస్ ఉన్న రకం వేరే ఉంది, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లలో దాన్ని వాడతారు. మీ పాత ట్యూబుల్లో ఇసుక గీసిన జాడలుంటే దాని గురించి అడగండి. లేకపోతే 90-10 చాలు. ఒక తేడా మాత్రం కళ్ళతోనే పట్టుకోవచ్చు. కొత్తగా కోసిన అంచు దగ్గర 90-10 లేత గులాబీ రంగులో ఉంటుంది, 70-30 వెండిలా తెల్లగా ఉంటుంది. నికెల్ పాతిక శాతానికి చేరేసరికి రాగి ఎరుపు పూర్తిగా మాయమవుతుంది. అమెరికాలో 1866 నుంచి కొట్టే ఐదు సెంట్ల నాణెంలో డెబ్బై ఐదు శాతం రాగే ఉన్నా చూసినవాళ్ళెవరూ అది రాగి అనుకోరు. సరుకు దిగిన రోజు మీ స్టోర్స్‌లో ఈ రంగు పరీక్ష చేయండి. పక్కా నిర్ధారణకు లోహంలో ఏమేం ఉన్నాయో చూపే, చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మీటరు తెప్పించండి.

అన్నిటికంటే పెద్ద షరతు సల్ఫైడ్. పాత ట్యూబుల్లో నల్లమసి కనిపించి, మీ నీరు ఏడాది పొడవునా మురుగు కాలువ కలిసే చోటు నుంచి వస్తుంటే, ఏ రాగి మిశ్రలోహమూ మీకు పనికిరాదు. అప్పుడు ఇన్‌టేక్ చోటు మార్చాలి, లేదా టైటానియం వైపు చూడాలి. టైటానియానికి సల్ఫైడ్ లెక్కే కాదు. కానీ ట్యూబులు టైటానియం చేసి ట్యూబ్ షీట్ (ట్యూబుల కొనలు బిగించే పలక), వాటర్ బాక్స్ పాతవే ఉంచితే, ఆ తినడమంతా వాటి మీదికి మళ్ళుతుంది. అది వేరే ప్రాజెక్టు, ఒక్క రీట్యూబింగ్‌తో అయ్యేది కాదు. అప్పుడప్పుడు మాత్రమే మురికి వచ్చేదైతే, పొర పండిన 90-10 దాన్ని తట్టుకోగలదు.

ఆర్డరులో రాయాల్సినవి ఇవి. అతుకు లేని ట్యూబులు, అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం బీ111 ప్రకారం, సీ70600, ఇనుము ఇందాక చెప్పినట్టు. ఎనీల్ చేసినవి కావాలి, లోపల కార్బన్ పొర లేకుండా ఇవ్వాలని విడిగా రాయండి. ట్యూబు లాగేటప్పుడు వాడిన నూనెను సరిగ్గా కడగకుండా కొలిమిలో పెడితే అది మాడి లోపలి గోడకు మసి పొరగా అంటుకుంటుంది. ఆ పొర లోహం కంటే నోబుల్ (తాను తినబడకుండా, తాకిన లోహం తినబడేలా చేసేది) కాబట్టి, దాని పగుళ్ళ దగ్గర లోహం తినేసుకుపోతుంది. కొత్త ట్యూబు ఆరు నెలల్లో చిల్లు పడి, మెటీరియల్ టెస్టులన్నీ పాసైన కేసుల్లో ఇదొక మామూలు కారణం. ఎక్కడైనా వెల్డింగ్ ఉంటే సీసం, జింకు, గంధకం, భాస్వరం ఇంకా తక్కువ ఉండే సీ70620 అడగండి. వెల్డర్‌కు చెప్పాల్సింది: అతుకు దగ్గర పెయింటు, నూనె, మార్కర్ గీతలు ఏవీ ఉండకూడదు, సీసం, గంధకం తగిలితే వెల్డు పగులుతుంది. ఫిల్లర్ 70-30 వాడాలి, 90-10కి కూడా. వెల్డు గోడ కంటే కాస్త నోబుల్‌గా ఉంటే అది ముందు తినబడదు. ముందుగా వేడి చేయనక్కర్లేదు.

ట్యూబులు బిగించేవాళ్ళు మెత్తటి లోహం కదా అని అతిగా రోలింగ్ చేస్తే (కొనను లోపలి నుంచి వెడల్పు చేసి బిగిస్తే) గోడ పలచబడుతుంది. అది చూసుకోండి. పాత ట్యూబుల్లో ఇన్‌లెట్ దగ్గరే గుంటలు కనిపించి ఉంటే ఇన్‌లెట్ కొనల్లో నైలాన్ ఫెర్రూల్స్ (కొనలో దూర్చే పొట్టి తొడుగులు) పెట్టించండి. వాటి చివర అంచు మాత్రం పలచగా కోసి ఉండాలి. మొద్దుగా ఉంటే అక్కడ మళ్ళీ సుడి పుట్టి, చిల్లు ఆ అంచు దాటిన చోట పడుతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదకరమైన వారాలు. బిగించాక ప్రెషర్ టెస్ట్ చేస్తారు. దగ్గర్లో దొరికిన నీరు నింపి, టెస్ట్ పాసయ్యాక సంబరపడి, ప్లాంట్ స్టార్టప్ దాకా ఆ నీరు అలాగే వదిలేస్తారు. నాలుగు వారాల్లో అందులో ఆక్సిజన్ అయిపోతుంది, బాక్టీరియా సల్ఫైడ్ తయారుచేస్తుంది, పొర కట్టాల్సిన గోడ నల్లబడుతుంది. ట్యూబులు పనిలోకి దిగకముందే సగం చచ్చిపోతాయన్నమాట. టెస్ట్‌కు శుభ్రమైన మంచినీరు వాడండి, అయిపోగానే తీసేసి గాలి ఊది ఆరబెట్టండి. ఈ ఒక్క వాక్యాన్ని కాంట్రాక్టులో పెట్టండి, నోటిమాట మీద వదలొద్దు.

స్టార్టప్‌కు వీలైనంత శుభ్రమైన సముద్రపు నీరు ఎంచుకోండి. మొదటి రెండు మూడు నెలలు ఆపకుండా, స్థిరమైన వేగంతో నడపండి. ఈ కాలంలో నీటిలో ఫెర్రస్ సల్ఫేట్ కొద్దికొద్దిగా కలిపే పద్ధతి ఉంది. రోజుకు ఒక గంట, లీటరుకు 5 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున కలుపుతారు. అది గోడ మీద గోధుమరంగు ఇనుప పొరగా పడి, కట్టే పొరకు తోడవుతుంది. నీటి మీద అనుమానం ఉంటే ఇది తప్పక చేయించండి. అయితే అదే గంటలో క్లోరిన్ కలపకూడదు, ఇనుమంతా ముందే తుప్పు ముద్దలుగా మారి ఊరికే పోతుంది. క్లోరిన్ కూడా అతిగా వద్దు. అవుట్‌లెట్‌లో లీటరుకు అర మిల్లీగ్రాము దాటకుండా చూసుకుంటే 90-10కి ఇబ్బంది లేదు.

తర్వాత కూడా ప్లాంట్ ఆగినప్పుడు సముద్రపు నీరు నింపి ఉంచడం మంచిది కాదు. రెండు మూడు రోజుల ఆపుకైతే నీరు ఉంచి, రోజూ కాసేపు పంపు తిప్పి కొత్త నీరు రానివ్వండి. నాలుగైదు రోజులు దాటేలా ఉంటే ఖాళీ చేసి, మంచినీటితో కడిగి, ఆరబెట్టండి.

చుట్టుపక్కల ఏముందో కూడా చూడండి. సముద్రపు నీటిలో 90-10 మామూలు స్టీలు, అల్యూమినియం, జింకు కంటే నోబుల్, టైటానియం, పెద్ద తరగతి స్టెయిన్‌లెస్, గ్రాఫైట్ కంటే కాదు. గ్రాఫైట్ ఉన్న గాస్కెట్లు, సీళ్ళు వద్దే వద్దు. స్టీలు వాటర్ బాక్స్ ఉంటే లోపలి పూత ఎక్కడైనా చిట్లితే ఆ చిన్న చోట స్టీలు ఘోరంగా తినబడుతుంది, దానికి తోడు ఎనోడ్‌లు (తాము కరిగి స్టీలును కాపాడే లోహపు దిమ్మెలు) పెట్టాల్సి వస్తుంది. రాగి-నికెల్ ట్యూబులతో జింకు ఎనోడ్ కంటే మెత్తటి ఇనుము ఎనోడ్ నాకిష్టం. స్టీలును కాపాడుతూనే, కరిగే కొద్దీ ట్యూబుల పొరకు కావాల్సిన ఇనుము కూడా ఇస్తుంది. దాని కాపలా ట్యూబు లోపలికి ఎక్కువ దూరం పోదు, అది ఆశించొద్దు. పంపు ఇంపెల్లర్, వాల్వులకు నికెల్ అల్యూమినియం బ్రాంజ్ మంచి జత. దాదాపు తొమ్మిది శాతం అల్యూమినియం, నాలుగైదు శాతం చొప్పున నికెల్, ఇనుము ఉండే ఈ లోహంతోనే ఓడల ప్రొపెల్లర్లు పోస్తారు. 90-10 కంటే ఎంతో బలమైనది, వేగాన్ని ఎక్కువ తట్టుకుంటుంది. మామూలు ఇత్తడి వాల్వులు మిగిలి ఉంటే అవి జింకు పోగొట్టుకునే రకం, వాటిని కూడా ఇదే షట్‌డౌన్‌లో మార్చండి.

మీ మేనేజర్ గారికి ఈ లోహం మీద ఇంకా నమ్మకం కుదరకపోతే వాడుక చూపించండి. ఓడల్లో సముద్రపు నీటి పైపులు, మంటలార్పే లైన్లు దీనితోనే వేస్తారు. ఐరిష్ సముద్రంలో మోర్కాంబ్ గ్యాస్ ఫీల్డ్ ప్లాట్‌ఫారాల కాళ్ళకు, అలలు తాకే చోట, 1980లలో 90-10 తొడుగు వేశారు. కార్ల బ్రేక్ పైపులుగా కూడా వాడతారు. 1971లో నీళ్ళలోకి దింపిన కాపర్ మెరైనర్ అనే రొయ్యల పడవకు అడుగంతా 90-10 రేకులే, దాని మీద జీవాలు పేరుకోలేదు. పడవ అడుగు మీద నీరు సెకనుకు మీటర్ల కొద్దీ జారినా ఏమీ కాదు గానీ, సన్నటి ట్యూబులో రెండున్నర మీటర్లు దాటితే ప్రమాదం ఎందుకని ఆయన అడగవచ్చు. సన్నటి గొట్టంలో గోడను నీరు రుద్దే కోత బలం అదే వేగానికి ఎక్కువ. అందుకే 100 మి.మీ. దాటిన పైపుల్లో మూడున్నర మీటర్ల దాకా అనుమతిస్తారు.

శుభ్రం చేసే దగ్గర చాలామంది కష్టపడి కట్టిన పొరను తామే తీసేస్తారు. స్టీలు వైర్ బ్రష్ వద్దు, నైలాన్ బ్రష్ లేదా స్పాంజ్ బంతులు చాలు. పొలుసు గట్టిపడి యాసిడ్ వాష్ తప్పనిసరైతే, లోహాన్ని కాపాడే ఇన్‌హిబిటర్ కలిపిన యాసిడ్‌నే వాడమనండి, పని అవగానే బాగా కడిగించండి. యాసిడ్ పొలుసుతో పాటు పొరను కూడా తీసుకుపోతుంది. ఆ రోజు నుంచి అవి మళ్ళీ కొత్త ట్యూబులే. శుభ్రమైన నీరు, స్థిరమైన వేగం, ఫెర్రస్ సల్ఫేట్, ఆ రెండు మూడు నెలల ఓపిక అన్నీ మొదటి నుంచి.